ఏఆర్‌టీ మందుతో పాటు ఇంకేమేం వాడాను: లంక ఊరి నుంచి నా అనుభవం

పోయిన నెల డాక్టరు గారు నా గ్రీన్ బుక్కులో (హెచ్‌ఐవీ మందులిచ్చే సెంటరు వాళ్లు మన వివరాలు రాసిచ్చే పుస్తకం) సెప్ట్రాన్ అని, వేరే జబ్బులు పట్టకుండా వేసుకునే మాత్ర పేరు రాసి ఉన్నచోట అడ్డంగా కొట్టేసి, "ఇక దీంతో పని లేదు" అన్నారు. 2022 మార్చిలో మొదలైన మాత్ర 2023 నవంబరులో ఆగింది. ఈ మధ్యలో మింగినవి, కొన్నవి, అడిగి తెచ్చుకున్నవి అన్నీ గుర్తుండగానే రాసేద్దామని కూర్చున్నాను. హెచ్‌ఐవీ అని తేలిన కొత్తలో నాకు అందరూ ఒకటే చెప్పారు, "రోజుకో మాత్ర, అంతే" అని. ఆ మాత్ర, అంటే హెచ్‌ఐవీని అణిచిపెట్టే ఏఆర్‌టీ మందు సంగతి నిజంగా అంతే. నా బుర్ర తినేసినవి మిగతావి. వాటి గురించి ఒకేచోట కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు.

మాది పి.గన్నవరం వైపు లంక ఊరు. లంకల్లో అరటి గెలలు కొని నా ట్రాలీ ఆటోలో రావులపాలెం మార్కెట్టుకి వేస్తుంటాను. ఊరి పేరు, మందు తెచ్చుకునే ఊరి పేరు రాయను. దగ్గర్లో సెంటరు ఉన్నా కావాలనే దూరం పెట్టుకున్నాను, గోదావరి బ్రిడ్జి దాటితే మనవాళ్లెవరూ తగలరని. తగిలారు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

2022 సంక్రాంతి నుంచే ఒంట్లో బాగోలేదు. జ్వరం వచ్చిపోయేది, ప్యాంట్లు వదులైపోయాయి, మార్చికల్లా నోట్లో తెల్లపూత. ఊళ్లో ఆర్ఎంపీ గారు సెలైన్లు పెట్టారు. తర్వాత వెళ్లిన ఓ ప్రైవేటు క్లినిక్కులో కాంపౌండరు రిపోర్టు నా చేతికి ఇవ్వకుండా, నలుగురి ముందూ "నీది పెద్దాసుపత్రి కేసు" అన్నాడు. ఆ మాటతోనే అర్థమైపోయింది. ఆ రోజు గురించి ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష చేసి కౌన్సెలింగ్ ఇచ్చేచోట, మళ్లీ పరీక్ష చేశారు. ఒక్కసారి తీసిన రక్తాన్నే మూడు రకాల కిట్లతో చూస్తారు. ఫలితం ఆ పూటే చెప్పారు. కౌన్సిలర్ మేడమ్ తలుపు వేసి మాట్లాడారు. మన అనుమతి లేకుండా ఈ సంగతి బయట చెప్పకూడదని 2017లో చట్టమే వచ్చిందట. ఆ కాంపౌండరుకి ఎవరైనా చెబితే బాగుండును.

అక్కణ్నుంచి ఏఆర్‌టీ సెంటరు. సీడీ4, అంటే రక్తంలో జబ్బులతో పోరాడే కణాల లెక్క, 162 వచ్చింది. 200 లోపు ఉంది కాబట్టి మందు మొదలుపెట్టేముందు కొన్ని చూసుకోవాలన్నారు. ఛాతీ ఎక్స్‌రే, కళ్లె పరీక్ష, మెదడుకు పట్టే ఫంగస్ ఏమైనా ఉందేమోనని రక్తంలో ఇంకో పరీక్ష, కామెర్ల వైరస్ ఉందేమోనని ఇంకోటి. వీటిలో దేనికీ డబ్బు కట్టలేదు. పోయిందల్లా బస్సు చార్జీలు, మార్కెట్టుకి వెళ్లకపోవడం వల్ల పోయిన కిరాయిలు.

నేను ఏఆర్‌టీ కోసం చేయి చాపితే ముందు చేతిలో పడింది సెప్ట్రాన్. తెల్లటి పెద్ద మాత్ర, రోజుకొకటి. "సల్ఫా మందులు పడవని ఎప్పుడైనా ఎవరైనా అన్నారా?" అని అడిగారు. నాకు తెలిసినంతలో లేదు. పడనివాళ్లకు వేరే మందు ఇస్తారట. సీడీ4 350 లోపు ఉన్నవాళ్లకు ఊపిరితిత్తులకు పట్టే ఒక రకం న్యుమోనియా, మెదడుకు పట్టే టాక్సో అనే జబ్బు రాకుండా ఈ మాత్ర అడ్డుపడుతుందన్నారు. 350 దాటి, ఆరు నెలల తేడాతో రెండోసారి చూసినప్పుడు కూడా పైనే ఉంటే ఆపేస్తారు. అందుకే నాకు ఇరవై నెలలు పట్టింది.

ఫంగస్ పరీక్షలో ఏమీ లేదని తేలాక, మరుసటి వారం అసలు మందు ఇచ్చారు. మూడు మందులు కలిపిన ఒకే మాత్ర, టీఎల్‌డీ అంటారు. మొదట రాత్రిపూట వేసుకునేవాణ్ని. నిద్ర సరిగ్గా పట్టేది కాదు. నేను తెల్లవారుజామున మూడింటికి లేచి గెలలు ఎక్కించాలి. సెంటర్లో చెబితే పొద్దున్నకు మార్చుకోమన్నారు, నిద్ర కుదిరింది. గ్యాస్‌కి తాగే సిరప్పు, ఐరన్, కాల్షియం మాత్రలు దీంతో కలిపి వేసుకోవద్దనీ, చాలా ఎడం ఉండాలనీ ఫార్మసీ కిటికీ దగ్గరే చెప్పారు. గ్యాస్ సిరప్పు మన ఇళ్లలో ఎలా తాగుతామో తెలుసుగా, అడిగి కనుక్కోండి.

ఇక సెప్ట్రాన్‌తో టెన్షన్. మొదటి రెండు మూడు వారాల్లో ఒంటిమీద దద్దుర్లు వస్తే వెంటనే రమ్మన్నారు. లంకలో, అరటి తోటల మధ్య, ఏప్రిల్ నెలలో ఒంటిమీద ఎర్రటి మచ్చ లేని మనిషి ఎవరు? ప్రతి దోమకాటుకీ గుండె ఝల్లుమనేది. రాత్రి మా ఆవిడ ఫోను లైటు వేసి నా వీపు చూసేది. "ఏవండీ, ఇది దోమేనండి, నాకూ కుట్టింది చూడండి" అని తన చెయ్యి చూపించేది. చివరికి కౌన్సిలర్ మేడమ్‌కి ఫోన్ చేశాను. మందు దద్దురు అక్కడొకటి ఇక్కడొకటి ఉండదు, ఒళ్లంతా పాకుతుంది, జ్వరం, నోట్లో పుళ్లు, కళ్లు ఎర్రబడటం ఉంటే ఒక్క పూట కూడా ఆగొద్దు అన్నారు. నాకు అలాంటిదేమీ రాలేదు.

ఆ గొడవలోనే దోమతెర కొన్నాను. ఏజెన్సీ మండలాల్లో మలేరియా వాళ్లు మందు పూసిన తెరలు పంచుతారు, మనకి ఇవ్వరు. రావులపాలెంలో డబుల్ మంచానికి సరిపడేది నాలుగు వందల చిల్లర పడింది. దోమతెరకీ హెచ్‌ఐవీకీ ఏం సంబంధమని అడిగేవాళ్లకు డాక్టరు గారి మాట చెబుతాను. బలం తక్కువ ఉన్నప్పుడు మలేరియా, డెంగీ లాంటి జ్వరం వస్తే అది దేని జ్వరమో తేల్చడానికే వారం పోతుంది, అసలు రానివ్వకపోతే ఆ గోలే ఉండదు. అమ్మ మాత్రం "ఒరే, ఏసీ పెట్టుకున్నోళ్లలా తెరలేంట్రా" అని నవ్వింది.

మా ఆవిడకి పరీక్ష చేయించాం. నెగెటివ్. మూడు నెలలకి మళ్లీ, తర్వాత ఆరు నెలలకోసారి చేయించుకోమన్నారు. ఆ మొదటి ఫలితం కోసం బెంచీ మీద కూర్చున్న గంట నా సొంత ఫలితం కోసం కూర్చున్న గంట కంటే ఘోరం. చెప్పాక తను ఏడవలేదు. "బస్సు టైమైంది, పదండి" అంది. ఇంటికొచ్చాక రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నా మాత్రలు తనే తెచ్చి పెట్టింది.

నిరోధ్ ప్యాకెట్లు సెంటర్లో ఊరికే ఇస్తారు. అడిగినన్ని ఇచ్చారు, సంతకమో ప్రశ్నో ఏమీ లేదు. కష్టమల్లా ఇంట్లో దాచడం. అమ్మ ఉంది, తొమ్మిదో తరగతి చదివే కొడుకున్నాడు. ఆటో సీటు కింద టూల్స్ డబ్బాలో పెడదామనుకుంటే మేడమ్ వద్దన్నారు. ఎండకి, ఇంజిను వేడికి రబ్బరు పాడైపోతుందట. పర్సులో కూడా ఎక్కువ రోజులు పెట్టకూడదట. మా ఆవిడ పెళ్లి చీరల పెట్టెలో అడుగున పెట్టింది. తేదీ దాటినవి తీసేయడం కూడా తన పనే అయింది.

నా రీఫిల్, అంటే మళ్లీ మందు తెచ్చుకునే తేదీ, మే నెలాఖరున పడింది. మే 24న అమలాపురంలో గొడవలు జరిగాయి, ఆ రాత్రి నుంచి కోనసీమలో నెట్ బంద్. బస్సులు ఆగాయి, 144 సెక్షన్ పెట్టారు. డబ్బాలో మాత్రలు అడుగంటుతున్నాయి. వాట్సాప్ లేదు, ఫోన్ పే లేదు. మామూలు కాల్ మాత్రం వెళ్లింది. "నెలకి 30 మాత్రలు ఇస్తాం, మీకు ఒకటి రెండు మిగిలే ఉంటాయి, కంగారు పడకండి, కానీ ఆలస్యం చేయకండి" అన్నారు మేడమ్. పక్కింటి బండి అడిగి తీసుకుని బయల్దేరాను. దారిలో పోలీసులు ఆపారు. జేబులో గ్రీన్ బుక్కు ఉంది. అది తీస్తే మొదటి పేజీలోనే అన్నీ తెలిసిపోతాయి. అదృష్టం బాగుండి ఎక్స్‌రే తీయించిన ఓపీ చీటీ కూడా ఉంది, అది చూపించాను. "ఊపిరితిత్తులా?" అన్నాడు కానిస్టేబులు. "ఆయ్, అవునండి" అన్నాను. వదిలేశాడు. అప్పట్నుంచి నా జేబులో మామూలు ఓపీ చీటీ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. వంద నోట్లు కొన్ని కూడా.

ఆ రోజే సెంటర్లో మా పక్క లంక పెద్దాయన కనబడ్డాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని గోడ మీద పోస్టర్లు చదవడం మొదలుపెట్టాం. బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర ఆయనే పలకరించాడు. "బాబూ, నేను 2009 నుంచి వస్తున్నా. టీబీ మందు మొదలెట్టారా నీకు?" నాకు టీబీ లేదన్నాను. "లేనప్పుడు వేసుకునేదే ఇది" అన్నాడు. నిజం చెప్పాలంటే డాక్టర్ల కంటే ఎక్కువ విషయాలు నాకు ఆ టీ కొట్టు దగ్గరే తెలిశాయి.

సంగతేంటంటే, సెంటరుకి వెళ్లిన ప్రతిసారీ నాలుగు ప్రశ్నలు అడుగుతారు. దగ్గు ఉందా, జ్వరం ఉందా, బరువు తగ్గారా, రాత్రి చెమటలు పడుతున్నాయా? నాలుగింటికీ లేదంటేనే టీబీ రాకుండా ఇచ్చే ఐఎన్‌హెచ్ మొదలుపెడతారు. నాకు మార్చిలో దగ్గుంది కాబట్టి ఆపారు. కళ్లె పరీక్షలో టీబీ లేదని తేలినా, దగ్గు పూర్తిగా పోయేదాకా చూశారు. జూన్ మొదటి వారం వెళ్లి నేనే అడిగాను. ఆ రోజే రాశారు. ఐఎన్‌హెచ్ 300, రోజుకొకటి, పరగడుపున, ఆరు నెలలు. దాంతోపాటు బి6 విటమిన్, అరికాళ్లు తిమ్మిర్లు ఎక్కకుండా.

ఓ నెల సెంటర్లో బి6 నిండుకుంది, బయట కొనుక్కోమన్నారు. మెడికల్ షాపులో బి కాంప్లెక్స్ ఇచ్చి "ఇదీ అదే" అన్నాడు. పెద్దాయన ముందే చెప్పాడు కాబట్టి చీటీ మీద పైరిడాక్సిన్ అన్న పేరు చూపించి అదే ఇమ్మన్నాను. బి కాంప్లెక్సులో అది ఉన్నా చాలా తక్కువ ఉంటుంది. స్ట్రిప్పుకు పెట్టింది పెద్ద డబ్బేం కాదు. దొరకడానికి మాత్రం మూడు షాపులు తిరగాల్సి వచ్చింది.

ఐఎన్‌హెచ్ ఉన్న ఆరు నెలలూ కల్లు, మద్యం ముట్టొద్దన్నారు, లివరు మీద పడుతుందని. ఆకలి చచ్చిపోయినా, ఒంటేలు పచ్చగా వచ్చినా రమ్మన్నారు. నేను ముందు నుంచీ పెద్దగా తాగను, ఆ బాధ లేదు. అసలు ఆశ్చర్యం చేపల దగ్గర వచ్చింది. సెప్టెంబరులో ఒకరోజు ఐసులో పెట్టి అమ్ముతున్న కానాగంతలు తెచ్చుకుని పులుసు పెట్టుకున్నాం. అరగంటలో నా మొహం, మెడ ఎర్రగా కందిపోయి, తలనొప్పి, గుండె దడ. ఇంట్లో మిగతావాళ్లకు ఏమీ లేదు. సెప్ట్రాన్ దద్దుర్లేమోనని హడలిపోయాం. గంటన్నరకి అదే తగ్గింది. డాక్టరు గారు విని, తాజాగా లేని సముద్రపు చేపల్లో పుట్టే ఒక పదార్థాన్ని అరిగించుకునే శక్తి ఐఎన్‌హెచ్ వేసుకునేవాళ్ల ఒంటికి ఉండదనీ, కోర్సు అయ్యేదాకా కానాగంతలు, తూర చేప మానేయమనీ చెప్పారు. గోదావరి చేపలతో నాకు ఎప్పుడూ ఇబ్బంది కాలేదు. డిసెంబరులో కోర్సు పూర్తయింది.

ఇప్పుడు నీళ్ల సంగతి. దీని మీదే నాకు చెప్పాల్సింది ఎక్కువ.

మా లంకలో బోరు నీళ్లు, పంచాయతీ కుళాయి, ఆర్వో ప్లాంటు టిన్నులు మూడూ ఉన్నాయి. టిన్ను అప్పట్లో ఇరవై రూపాయలు. టిన్ను ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాళ్లం. ఓసారి డాక్టరు గారు "ఆ టిన్ను లోపల ఎప్పుడు కడిగారో చూశారా?" అన్నారు. చూశాను. అడుగున పచ్చగా నాచు. అప్పట్నుంచి తాగే నీళ్లు మరగబెట్టడం మొదలుపెట్టాం. తెర్లబెట్టి, మూతపెట్టి, మూతి సన్నంగా ఉండి కుళాయి బిగించిన స్టీలు డ్రమ్ములో పోయాలి, గ్లాసు ముంచకూడదు. ఆ డ్రమ్ము తొమ్మిది వందలు. అప్పటికే సిలిండరు వెయ్యి దాటింది. రోజూ గ్యాస్ మీద నీళ్లు కాస్తే బండ నెల రాదు. మా ఆవిడ పెరట్లో మూడు రాళ్ల పొయ్యి పెట్టింది. కొబ్బరి మట్టలకు, డొక్కలకు మాకు లోటు లేదు. నీళ్లకి పొగ వాసన వచ్చేది. మావాడు స్కూలుకి ఆ నీళ్లు పట్టుకెళ్లనన్నాడు, వాడికి టిన్ను నీళ్లే.

జూలైలో వరద వచ్చింది. చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలన్నీ మునిగాయి. పడవలో గట్టుకు చేర్చి, హైస్కూల్లో పునరావాస కేంద్రానికి పంపారు. నేను సంచిలో పెట్టుకున్నవి ఆధార్లు, బ్యాంకు పుస్తకాలు, మాత్రలు. టీఎల్‌డీ డబ్బా మూత గట్టిగా ఉంటుంది, లోపల తేమ పీల్చే చిన్న పొట్లం కూడా ఉంటుంది, అది పారేయకండి. సెప్ట్రాన్, ఐఎన్‌హెచ్ అట్టలను మాత్రం రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టాల్సి వచ్చింది.

హైస్కూలు గదిలో పది కుటుంబాలు. పొద్దున్నే అందరి ముందూ మాత్రలు వేసుకోవాలి. డబ్బా మీద పేరు చదవగలిగినవాడు ఎవడైనా ఉంటాడేమోనని భయం. లేబుల్ ముందే చింపేశాను. ఒకాయన అడిగాడు, "ఏంటి బావా అన్ని మాత్రలు?" గ్యాసు, రక్తం తక్కువ అన్నాను. ఆయన తన షుగరు మాత్రల సంచి తీసి చూపించాడు, నాకంటే పెద్దది. ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు.

అక్కడ ఏఎన్‌ఎమ్ అమ్మాయి క్లోరిన్ బిళ్లలు పంచింది. ఇరవై లీటర్ల బిందెకి ఒకటి వేసి అరగంట ఆగాలి. మంచినీళ్ల ప్యాకెట్లు కూడా వచ్చాయి. నేను రెండోదే తాగాను, కుదిరినప్పుడల్లా వంట దగ్గర కాచిన నీళ్లు అడిగి తెచ్చుకున్నాను. క్లోరిన్‌కి మామూలు విరేచనాల క్రిములు చస్తాయి కానీ సీడీ4 తక్కువ ఉన్నవాళ్లను పట్టి నెలలకొద్దీ వదలని ఒక క్రిమి దానికి చావదని, మరిగిస్తేనే చస్తుందని సెంటర్లో విన్నాను. వంటవాళ్లకు మాత్రం నాకు దగ్గు ఉందని, వేడినీళ్లు తాగమన్నారని చెప్పాను.

ఇంటికొచ్చాక బురద. దోమతెర కుళ్లిపోయింది, పారేసి కొత్తది కొన్నాం. చెప్పులు లేకుండా బురదలో దిగొద్దనీ, కాళ్ల మీద గీతలుంటే కవర్లో పెట్టుకోమనీ చెప్పారు కాబట్టి రబ్బరు బూట్లు కూడా. మూడు వందలు. అరటి తోటలన్నీ పోయాయి, నాకు రెండు నెలలు కిరాయిలు లేవు. ఆ ఖర్చుల ముందు ఇది లెక్కలోకి రాదు గానీ, చేతిలో డబ్బు లేనప్పుడు మూడు వందలు కూడా అప్పే.

టీకాల గురించి రెండు ముక్కలు. కోవిడ్ బూస్టరు ఆగస్టులో పీహెచ్‌సీలో ఊరికే వేశారు. హెపటైటిస్ బి మాత్రం పెద్దవాళ్లకి నేను వెళ్లినచోట లేదు. కొనుక్కుని, షాపువాడిచ్చిన ఐసు కవర్లో పట్టుకెళ్లి వేయించుకున్నాను. మూడు విడతలు, ఆఖరిది ఆరో నెలలో. న్యుమోనియా టీకా మూడు వేలు దాటింది. డాక్టరు గారు మంచిదే అన్నారు, నేను ఇంకా వేయించుకోలేదు.

2022 అక్టోబరులో వైరల్ లోడ్‌కి, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూడటానికి, రక్తం తీశారు. ఫలితం రావడానికి వారాలు పట్టింది, వచ్చేసరికి అందులో వైరస్ కనబడలేదని ఉంది. మేడమ్ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఇలాగే ఉన్నంతకాలం భార్యకి అంటదని చెప్పారు. మా ఆవిడ "అయితే ఆ ప్యాకెట్లు?" అంది. ప్రస్తుతానికి వాడుతూనే ఉండమన్నారు. సీడీ4 మాత్రం బద్ధకంగా పెరిగింది. 2022 అక్టోబరులో 290, 2023 ఏప్రిల్లో 371, నవంబరులో 418. ఏప్రిల్లో 350 దాటిందనగానే సెప్ట్రాన్ ఆపేస్తారనుకుని సంబరపడ్డాను. ఇంకో ఆరు నెలలు చూడాలనేసరికి నీరసం వచ్చింది. అందులో ఓ నెల స్టాకు లేక బయట కొన్నాను కూడా, రోజుకు రెండు మూడు రూపాయల లోపే.

ఇప్పుడు నాకు రోజుకి ఒక్క మాత్ర. మూడు నెలలకి సరిపడా ఒకేసారి ఇస్తున్నారు. పెద్దాయనా నేనూ తేదీలు కలుపుకున్నాం, బండి మీద ఇద్దరం వెళ్తాం, పెట్రోలు చెరిసగం. వచ్చే రీఫిల్ ఫిబ్రవరిలో. అదే రోజు మా ఆవిడకి పరీక్ష కూడా ఉంది కాబట్టి ఈసారి ఆయన బస్సులో రావాలి, ఇంకా చెప్పలేదు.